పండుగ నాడు చేమ.. మిగతా రోజుల్లో డబ్బా మాంసం

చేమదుంపకు మన వంటింట్లో పెద్ద మర్యాదేమీ లేదు. వేపుడు చేస్తే తింటాం, పులుసు పెడితే తింటాం. తొక్క తీసేటప్పుడు చేతులు దురద పెడితే దాన్ని నాలుగు తిట్టి, చింతపండు రసంతో చేతులు కడుక్కుంటాం. అదే చేమను ఒక రాష్ట్రం తన అధికారిక మొక్కగా చట్టంలో రాసుకుంది. ఆ రాష్ట్రం పసిఫిక్ మహాసముద్రం నడిబొడ్డున ఉన్న హవాయి. అమెరికాలో 50వ రాష్ట్రం. అక్కడివాళ్లు చేమను 'కాలో' అంటారు. వృక్షశాస్త్రం ప్రకారం మన చేమ, వాళ్ల కాలో ఒకటే జాతి.

హవాయిలో సంప్రదాయ ఆహారాన్ని గౌరవించే రోజులకు, ఉత్సవాలకు, తీర్మానాలకు లోటు లేదు. ఏటా మే నెలను అమెరికా మొత్తం ఆసియా, హవాయి, పసిఫిక్ దీవుల మూలాలున్నవారి వారసత్వ మాసంగా జరుపుకొంటుంది. జూన్ 11న దీవులన్నిటినీ ఏకం చేసిన కమెహమెహా రాజు పేరిట రాష్ట్రమంతా సెలవు. మావీ దీవిలోని హానా అనే మారుమూల ఊళ్లో చేమ పేరు మీదే ఉత్సవం జరుగుతుంది. వేదికలుంటాయి, హులా నృత్యాలుంటాయి, పెద్దల ప్రసంగాలుంటాయి, చేమ గుజ్జు వడ్డనలుంటాయి.

ఇంత గౌరవం ఉన్న రాష్ట్రంలో ఆ ఆహారానికి అసలు వారసులైన హవాయి మూలవాసుల ఆరోగ్యం ఎలా ఉంది? మధుమేహం, ఊబకాయం, గుండె జబ్బులు ఆ రాష్ట్రంలోని మిగతా చాలా వర్గాలకంటే వాళ్లలో ఎక్కువ. ఏటా జబ్బుల పేరిట, పోషకాహారం పేరిట వచ్చే 'దినాల' బ్యానర్లు కట్టించే ప్రభుత్వ ఆసుపత్రి వైద్యుడిగా నన్ను ఆలోచనలో పడేసింది ఇదే. ఒక ఆహారానికి ఒక రోజు కేటాయిస్తే అది మిగతా 364 రోజుల పళ్లెంలోకి వస్తుందా? ఈ ప్రశ్నకు హవాయిలో దొరికినంత స్పష్టమైన జవాబు మరోచోట దొరకడం కష్టం.

అన్నగారు చేమ

హవాయి పురాణ కథలో ఆకాశదేవుడు వాకెయా దంపతులకు పుట్టిన మొదటి బిడ్డ ప్రాణం లేకుండా పుడతాడు. దుంపలా ఉన్న ఆ బిడ్డను ఇంటి పక్కనే పాతిపెడతారు. అక్కడ మొలిచిన మొక్కే చేమ. రెండో బిడ్డకు అదే పేరు పెట్టుకుంటారు: హాలోవా. హవాయి ప్రజలు అతడి సంతతి. అంటే చేమ వాళ్లకు వరసకు అన్నగారు. తమ్ముడు నీళ్లు పెట్టి అన్నను చూసుకోవాలి, అన్న తమ్ముడి కడుపు నింపాలి. తల్లిదుంప చుట్టూ వచ్చే పిలకలను 'ఒహా' అంటారు. కుటుంబం అనే అర్థంలో వాళ్లు వాడే 'ఒహానా' ఆ పిలకల నుంచి వచ్చిన మాటే. చేమ గుజ్జు గిన్నె మూత తీసి ఉన్నంతసేపు ఇంట్లో గొడవపడకూడదని కూడా ఒక నియమం ఉంది. అన్నగారు కూర్చుని ఉండగా తగువేమిటని!

2006లో ఈ కథ వల్లే పెద్ద గొడవ జరిగింది. తెగులు తట్టుకునే మూడు చేమ రకాల మీద హవాయి విశ్వవిద్యాలయం పేటెంట్లు తీసుకుంది. 'మా అన్న మీద మీకు హక్కు పత్రాలేమిటి' అని రైతులు ఆందోళనకు దిగారు. ఆ ఏడాది జూన్‌లో విశ్వవిద్యాలయం ఆ పేటెంట్లను వదులుకుంది.

పచ్చి చేమలో సూదుల్లాంటి క్యాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి. దురద వాటి పనే. మనం చింతపండు పులుపుతో ఆ ఇబ్బందిని తగ్గించుకుంటాం. హవాయివాళ్లు భూమిలో తవ్విన పొయ్యిలో, కాల్చిన రాళ్ల మధ్య, ఆకులు కప్పి గంటల తరబడి ఉడికించేవారు. తొక్క తీసి, చెక్క పలక మీద రాతి బండతో దంచితే గట్టి ముద్ద అవుతుంది. దాని పేరు 'పాయిఆయ్'. నీళ్లు కలిపి పలుచన చేస్తే 'పోయ్'. పోయ్ ఎంత చిక్కగా ఉందో వేళ్లతో లెక్క చెబుతారు. ఒక వేలితో తీసుకుని తినగలిగితే చిక్కనిది. మూడు వేళ్లు కావాల్సి వస్తే పలుచనిది. రెండు మూడు రోజులు ఉంచితే మన అంబలిలా, చద్దన్నంలా పులుస్తుంది. ఆ పులుపును ఇష్టపడేవాళ్లు కొందరు, తాజాదే కావాలనేవాళ్లు కొందరు. పసిపిల్లలకు మొదటి ఘనాహారంగా కూడా పోయ్ పెట్టేవారు.

దీంతోపాటు చిలగడదుంప, సీమపనస, అరటి, కొబ్బరి, చేమాకు, సముద్రపు నాచు, చేపలు. పంది, కోడి మాంసం ఎప్పుడో ఒకసారి. ఇదీ పాత పళ్లెం.

ఆహారానికి అధికారిక కాలం కేటాయించడం కూడా వాళ్లకు కొత్త కాదు. కృత్తికా నక్షత్రాలు సూర్యాస్తమయం వేళ తూర్పున కనిపించడంతో 'మకహికి' మొదలయ్యేది. మనకు కార్తీకం వచ్చే రోజులే దాదాపు అవి. సుమారు నాలుగు నెలల పాటు యుద్ధాలు నిషేధం. పంటల దేవుడు లోనో పేరిట రాజోద్యోగులు దీవి చుట్టూ తిరిగి ఒక్కో ప్రాంతం పండించినదాంట్లో రాజభాగం తీసుకునేవారు. తర్వాత ఆటలు, విందులు. ఏ ప్రాంతం ఎంత పండించింది, నీళ్లు సరిగా పారుతున్నాయా అన్న సంగతి పాలకుడికి తెలిసిపోయే ఏర్పాటు కూడా ఇందులో ఉందని నాకనిపిస్తుంది. ఇప్పటి ప్రకటనల్లో లోపించిన భాగం సరిగ్గా ఇదే.

నీళ్లు పోయాయి, చేమ పోయింది

1778లో కెప్టెన్ కుక్ ఓడలు వచ్చేనాటికి ఈ దీవుల్లో లక్షల మంది ఉండేవారు. బయటి నుంచి వచ్చిన అంటువ్యాధులను తట్టుకునే శక్తి వాళ్లకు లేదు. 1890ల నాటికి మూలవాసుల సంఖ్య 40 వేల దగ్గరకు పడిపోయింది. దంచే చేతులే లేకపోతే ముద్ద ఎక్కడిది? 1848 నాటి భూ పంపిణీతో పొలాలు వ్యక్తిగత ఆస్తులయ్యాయి. సామాన్యుల చేతికి వచ్చింది చాలా తక్కువ. తర్వాత చెరకు వచ్చింది.

చెరకు సంగతి మన రైతులకు చెప్పక్కర్లేదు, నీళ్లు తాగే పంట. చేమ మడికి కూడా నీళ్లు కావాలి. తేడా ఏమిటంటే చేమ మడిలోకి వచ్చిన చల్లటి నీరు పారుతూ మళ్లీ వాగులోకే వెళుతుంది. చెరకు కోసం మళ్లించిన నీరు తిరిగి రాదు. మావీ దీవిలో 1870ల నుంచే కొండవాగులను కాలువలతో, సొరంగాలతో అవతలి వైపు చెరకు తోటలకు తిప్పేశారు. దిగువన చేమ మడులు ఎండాయి. కొన్నిచోట్ల అవే మడుల్లో చైనా వలస కూలీలు వరి వేశారు. చైనా, జపాన్, ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన తోట కూలీలతోపాటు తెల్లన్నం దీవుల ప్రధాన ఆహారమైంది. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంతో డబ్బా మాంసం దిగింది. దాని పేరు స్పామ్.

ఇప్పుడు హవాయి తినే ఆహారంలో 85 నుంచి 90 శాతం ఓడల్లో వస్తుందని అంచనా. రాష్ట్రంలో ఏటా సుమారు 70 లక్షల స్పామ్ డబ్బాలు ఖర్చవుతాయని చెబుతారు. జనాభా 14 లక్షల చిల్లర. చేమ సాగు కొన్ని వందల ఎకరాలకు కుదించుకుపోయింది. ఒకప్పుడు 300 దాకా రకాలకు పేర్లుండేవట. ఇప్పుడు మిగిలినవి కొన్ని పదులు. స్పామ్‌కు కూడా హొనొలులులో ఏటా వీధి ఉత్సవం జరుగుతుంది. ఇది అధికారిక దినం కాదు గానీ, జనం మాత్రం బాగానే వస్తారు.

స్పామ్ రెండు ముక్కలు, అంటే 56 గ్రాములు తింటే 16 గ్రాముల కొవ్వు, 790 మిల్లీగ్రాముల సోడియం లోపలికి వెళ్తాయి. రోజంతటికీ సోడియం 2,000 మిల్లీగ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. కింద తెల్లన్నం, పక్కన మయొనైజ్ కలిపిన మాకరోనీ. ఈ పళ్లెం రోజూ తినే మనిషికి నలభై దాటేసరికి బీపీ, షుగర్ వస్తే ఆశ్చర్యపోవడానికి ఏముంది?

21 రోజుల పరీక్ష

అక్కడి వైద్యులు ఈ విషయాన్ని మాటలతో వదిలేయలేదు. ఒహాహు దీవి పడమటి తీరంలో వాయనై అనే ప్రాంతం ఉంది. మూలవాసులు ఎక్కువ, ఆదాయాలు తక్కువ. అక్కడి ప్రజారోగ్య కేంద్రంలో పనిచేసిన డాక్టర్ టెర్రీ షింటాని, ఆయన సహచరులు 20 మంది మూలవాసులకు 21 రోజులు పాత ఆహారం పెట్టారు. ఫలితాలు 1991లో అమెరికన్ జర్నల్ ఆఫ్ క్లినికల్ న్యూట్రిషన్‌లో వచ్చాయి.

కొలత పెట్టలేదు. కడుపు నిండేదాకా తినమన్నారు. చేమ, పోయ్, చిలగడదుంప, సీమపనస, ఆకుకూరలు, నాచు, పండ్లు, పరిమితంగా చేప, కోడి. మొత్తం శక్తిలో కొవ్వు వాటా 7 శాతమే, పిండిపదార్థాల వాటా 78 శాతం. షుగర్ రోగులకు పిండిపదార్థం పేరెత్తితే కళ్లెర్రజేసే నాలాంటి వైద్యులు ఇక్కడ కాస్త ఆగాలి.

మూడు వారాల్లో సగటున 7.8 కిలోల బరువు తగ్గారు. పైబీపీ సగటున 11.5, కిందిబీపీ 8.9 పాయింట్లు తగ్గాయి. రక్తంలో గ్లూకోజ్ సగటు 162 నుంచి 124 మిల్లీగ్రాములకు వచ్చింది. కొలెస్ట్రాల్ కూడా దిగింది. కడుపు నిండా తింటూనే రోజుకు సుమారు 2,590 కిలోక్యాలరీల నుంచి 1,570కి వాళ్లంతట వాళ్లే తగ్గిపోయారు. ఉడికించిన దుంప, ఆకు, నాచు పొట్టలో చోటు ఎక్కువ తీసుకుంటాయి, శక్తి తక్కువ ఇస్తాయి. నూనె, చక్కెర, కొవ్వు మాంసం వచ్చి చేరితే ఈ లెక్క తారుమారవుతుంది.

ఈ అధ్యయనాన్ని నెత్తిన పెట్టుకోమని అనను. 20 మందే. పోల్చి చూడటానికి మామూలు ఆహారం తిన్న మరో బృందం లేదు. 7.8 కిలోల్లో కొంత ఒంట్లోంచి పోయిన ఉప్పు, నీరు అయి ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యం, ఆ భోజనం కేంద్రం సమకూర్చింది. ఇరవై రెండో రోజు నుంచి ఎవరిది వాళ్లే కొనుక్కోవాలి. హవాయిలో పోయ్ ధర బియ్యం కంటే చాలా ఎక్కువ. చవగ్గా దొరికేది తెల్లన్నం, డబ్బా మాంసం. మనిషికి ఇష్టం లేక మానేశాడా, అందక మానేశాడా అన్నది వైద్యుడు అడగాల్సిన మొదటి ప్రశ్న.

నేను అడగలేదు. ఎనిమిదేళ్ల కిందటి మాట. అప్పుడు ఉత్తరాంధ్రలో ఓ ఆసుపత్రిలో ఉన్నాను. అరవై దాటిన కూలీ ఆవిడకు షుగర్ కొత్తగా బయటపడింది. ఓపీలో రద్దీ. అచ్చేసిన డైట్ కాగితం చేతిలో పెట్టి, 'దుంపలు వద్దమ్మా, ఇందులో ఉన్నవే తిను' అన్నాను. ఓట్స్, గోధుమ రొట్టె, షుగర్ లేని బిస్కెట్లు లాంటివి అందులో ఉన్నాయి. మూడు నెలల తర్వాత షుగర్ ఇంకా పెరిగి వచ్చింది. ఏం తింటున్నావని కూర్చోబెట్టి అడిగాను. ఓట్స్ కొనే డబ్బు లేదు. గోధుమ రొట్టె పళ్లు లేక నమల్లేదు. మిగిలినవి బిస్కెట్లు. పూటకు ఒక ప్యాకెట్. 'మరి పొద్దున అంబలి తాగేదానివి కదా?' అంటే ఆవిడ నావైపు అదోలా చూసింది. 'మీరిచ్చిన కాయితంలో చోడి అంబలి లేదు కద బాబూ' అంది. గ్లాసుడు అంబలి, మజ్జిగ, ఉల్లిపాయ తినే మనిషిని బిస్కెట్ల మీదకు తోసింది నేనే. ఆ కాగితం తయారు చేసినవాళ్లూ, పంచిపెట్టిన నేనూ ఆవిడ పొయ్యి మీద ఏముందో చూడలేదు.

శుభ్రత పేరిట మూసేస్తే..

హవాయిలో ఆరోగ్య శాఖ కూడా ఇలాంటి పనే చేసింది. 2009లో, చేత్తో దంచిన పాయిఆయ్ అమ్మకాన్ని ఆపించింది. చెక్క పలక, రాతి బండ ఆహార భద్రతా నిబంధనలకు తగ్గట్టు లేవన్నది అభ్యంతరం. అనుమతి ఉన్న వంటగది కావాలి, తేలిగ్గా కడిగి శుభ్రం చేయగల ఉపరితలాలు కావాలి. ఫ్యాక్టరీలో యంత్రంతో చేసి సంచిలో కట్టిన పోయ్ అమ్ముకోవచ్చు. తాతల కాలం నుంచి చేస్తున్న పద్ధతిలో చేసింది అమ్మకూడదు.

వైద్యుడిగా ఆ అధికారులను పూర్తిగా తప్పుపట్టలేను. సందుల్లో తడి నిలిచే చెక్క మీద, చేతులతో కలిపి, బయట పెట్టి అమ్మే ఆహారంతో వాంతులు, విరేచనాలు రావడం మేం చూస్తూనే ఉంటాం. నియమాలు అందుకే పుట్టాయి. కానీ ఒక పదార్థాన్ని నిషేధించే ముందు దాని వల్ల జబ్బు పడినవాళ్లున్నారా అని చూడాలి. దుంప బాగా ఉడుకుతుంది, ఆ తర్వాత పులుపెక్కేకొద్దీ హాని చేసే సూక్ష్మజీవులు పెరగడం కష్టమవుతుంది. ఆ పద్ధతి శతాబ్దాలు ఎందుకు నిలిచిందో ఆలోచించాలి. నియమాన్ని ఆ పదార్థానికి తగినట్టు రాయాలి.

చివరికి జరిగింది అదే. దంచేవాళ్లు, రైతులు, న్యాయ విద్యార్థులు కలిసి శాసనసభ దాకా వెళ్లారు. 2011లో చట్టం వచ్చింది. చేత్తో దంచిన చేమ ముద్దను కొన్ని షరతులతో అమ్ముకోవచ్చని అప్పటి గవర్నర్ నీల్ అబెర్‌క్రాంబీ సంతకం చేశారు. హవాయి సంప్రదాయ ఆహారానికి ప్రభుత్వం చేసిన అసలైన గౌరవం ఏదంటే నేను ఈ చట్టాన్నే చూపిస్తాను. వేదిక మీద ముద్దను పొగిడి, సంతలో దాన్ని పట్టుకుపోవడం అనే తిరకాసు దీంతో తొలగింది. దంచడం తెలిసిన కుర్రాడికి అది బతుకుతెరువైంది. ఆ పలకలు, బండలు చెక్కేవాళ్లకూ పని దొరికింది.

రెండోది నీళ్ల సంగతి. తూర్పు మావీ చేమ రైతులు 2001లో పిటిషన్లు వేశారు. మా వాగులు మాకు వదలండి అన్నది వాళ్ల వాదన. నీటి వనరుల కమిషన్ ముందు, కోర్టుల్లో ఏళ్ల తరబడి నలిగింది. 2016 డిసెంబరులో హవాయిలోని చివరి చెరకు తోట ఆఖరి పంట కోసి మూతపడింది. 2018 జూన్‌లో కమిషన్ తీర్పు ఇచ్చింది. పది వాగుల్లో నీటి మళ్లింపును పూర్తిగా ఆపి, చేమ మడులకు వదలాలని. పిటిషన్ వేసినప్పుడు నడివయసులో ఉన్నవాళ్లు అప్పటికి ముసలివాళ్లయ్యారు. పదిహేడేళ్లలో ఎన్ని ఉత్సవాలు జరిగి ఉంటాయో లెక్కేసుకోండి. ఒక్క ఉత్సవం కూడా ఒక్క మడికి నీళ్లు ఇవ్వలేదు.

మూడోది బడి పళ్లెం. 2030 నాటికి ప్రభుత్వ పాఠశాలల్లో పిల్లలకు పెట్టే ఆహారంలో 30 శాతం స్థానికంగా పండినదే ఉండాలని 2021లో హవాయి చట్టం చేసింది. వంద శాతం కాదు, 30 శాతం. అది కూడా తేలిక కాదు. పండించే భూమి కావాలి, ఒలిచి ఉడికించి ముక్కలు చేసి బడికి చేర్చే కేంద్రాలు కావాలి, ఏడాది పొడవునా ఒకే ధరకు ఇచ్చే ఒప్పందాలు కావాలి. చేమ చేతికి రావడానికి తొమ్మిది నెలల నుంచి ఏడాదికి పైగా పడుతుంది. మడుల్లో చేమను తినేసే నత్తల బెడద వేరే ఉంది. బడి కొంటుందన్న భరోసా ఉంటేనే రైతు ఇంత కాలం ఆగగలడు.

2023 ఆగస్టు 8న మావీలోని లహైనా పట్టణం మంటల్లో కాలిపోయింది. పాత రోజుల్లో సీమపనస చెట్ల నీడకు పేరుపడ్డ ఊరది. ఆ తోపుల్లో చాలావాటిని చెరకు కోసం ఎప్పుడో తీసేశారు. తోటలు మూతపడ్డాక ఖాళీ పొలాల్లో పెరిగిన ఎండుగడ్డి ఆ మంటకు ఇంధనమైంది. కాలిపోగా మిగిలిన చెట్ల వేళ్ల నుంచి సీమపనస మొక్కలు పెంచి మళ్లీ నాటే పని అక్కడ కొందరు చేస్తున్నారు. ఆహారం, నీరు, నిప్పు ఒకే ముడిలో ఉన్నాయక్కడ.

పాతదంతా మంచిదేనా?

సంప్రదాయం అనగానే చేతులు జోడించే అలవాటు మనకుంది. హవాయి చరిత్రలో ఇంకో పుట కూడా చదవాలి. పాత రోజుల్లో అక్కడ 'కపు' అనే నిషేధాల వ్యవస్థ ఉండేది. ఆడవాళ్లు మగవాళ్లతో కలిసి తినకూడదు. పంది మాంసం, కొబ్బరి, చాలా రకాల అరటిపండ్లు, కొన్ని చేపలు వాళ్లు ముట్టకూడదు. తప్పితే ప్రాణానికే ముప్పు. 1819లో కమెహమెహా చనిపోయాక ఆయన కుమారుడు లిహోలిహో, తల్లి కెఒపుఒలాని, మరో రాణి కఅహుమను ప్రోద్బలంతో, ఆడవాళ్ల పంక్తిలో కూర్చుని తిన్నాడు. ఆ ఒక్క భోజనంతో వ్యవస్థ కూలింది. బాలింతకు కారప్పొడి అన్నం తప్ప ఏమీ పెట్టకుండా, మంచినీళ్లు కూడా కొలిచి ఇచ్చే ఇళ్లను నేను ఇప్పటికీ చూస్తున్నాను. కాబట్టి లిహోలిహో భోజనానికి కూడా ఒక దినం ఉంటే బాగుండునని నా కోరిక.

ఇప్పుడు 'సంప్రదాయ హవాయి పళ్లెం' పేరుతో పెట్టేదాంట్లో కొంత అంత పాతదేమీ కాదు. ఉల్లి, టమాటాతో నలిపి పెట్టే ఉప్పు సాల్మన్ చేప హవాయి నీళ్లలో పుట్టదు. 19వ శతాబ్దంలో ఓడ వర్తకులతో వచ్చింది. ఉప్పు కూడా ఎక్కువే. మట్టిపొయ్యిలో వండిన పంది ఒకప్పుడు పండుగ వంట. ఇప్పుడు పర్యాటకుల కోసం రోజూ వండుతున్నారు. పండుగ వంటను రోజువారీ చేసుకుని, రోజువారీ చేమను పండుగకు పరిమితం చేయడం, ఇదీ జరిగింది. మనం చేసింది వేరేగా ఉందా? ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. ప్రతిపాదించింది మన దేశమే. చిరుధాన్యాల పరిశోధన సంస్థ ఉన్నది మన హైదరాబాద్‌లోనే. ఆ ఏడాది ఎక్కడ చూసినా కొర్రల స్టాళ్లు. నా ఓపీకి వచ్చేవాళ్లు మాత్రం 'కొర్రలు కిలో ఎంతో తెలుసా డాక్టర్ గారూ' అనే అడిగారు.

ఇక ఇదంతా చదివి చేమదుంపల మీద పడబోయేవారికి నాలుగు మాటలు. ఉడికించిన చేమ 100 గ్రాముల్లో సుమారు 142 కిలోక్యాలరీలు, 35 గ్రాముల పిండిపదార్థాలు, 5 గ్రాముల పీచు ఉంటాయి. వండిన తెల్లన్నం 100 గ్రాముల్లో 130 కిలోక్యాలరీలు, 28 గ్రాముల పిండిపదార్థాలు. అంటే అన్నంతోపాటు చేమ కూడా తింటే షుగర్ తగ్గదు, పెరుగుతుంది. అన్నం తగ్గించి దాని బదులు తినాలి. వాయనైవాళ్లు చేసింది అదే. మెత్తగా దంచి నీళ్లు కలిపిన పోయ్‌లో పీచు 100 గ్రాములకు అర గ్రాము కూడా ఉండదు. కాబట్టి దాన్ని మందులా ఊహించుకోవద్దు. నూనెలో వేయించిన చేమ వేపుడుకు ఆ అధ్యయనంతో ఏ సంబంధమూ లేదు. ఉడికించి పులుసులోనో, కూరలోనో తినండి.

కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు ఇది అంత మంచిది కాదు. 100 గ్రాముల్లో పొటాషియం దాదాపు 480 మిల్లీగ్రాములు ఉంటుంది. కిడ్నీలో ఆక్సలేట్ రాళ్లు ఏర్పడే తత్వం ఉన్నవాళ్లు దుంప, చేమాకు రెండూ తగ్గించాలి. ఎవరైనా సరే చేమాకును బాగా ఉడికించే తినాలి. పచ్చిగా, సగం ఉడికించి తింటే గొంతు వాచే ప్రమాదం ఉంది. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు ఆహారం ఒక్కసారిగా మారిస్తే షుగర్ బాగా పడిపోవచ్చు. వాయనైలో వైద్యులు పక్కనే ఉండి చూసుకున్నారు. మీరు కూడా మీ డాక్టర్‌కు చెప్పి, మందుల మోతాదు సరిచేయించుకుని మొదలుపెట్టండి. చెప్పేటప్పుడు ఇంట్లో రోజూ ఏం వండుకుంటారో కూడా చెప్పండి. ఆయన అడగకపోయినా సరే.